తప్పెట మోగని వీధి

చాటింపు తొందరగా ముగించుకుని కమలాపురం సంతకు పోదామని ఆ ఉదయం శాంతయ్య అనుకున్నాడు. ఆ సంతకు దగ్గరి తన పల్లెలో తప్పెట కొట్టి సర్కారు మాట చాటడం అతని పని. తాతల నాటి కొలువు. అది తన చేతుల్లో ఊడితే ఊళ్ళో తలెత్తుకోలేనని అతని భయం.

మునసబు చెప్పింది విన్నాక సంత మాటే మరిచిపోయాడు. పక్క తాలూకాలో కలరా తగిలిందట. బొరుగులు నానబెట్టే నీళ్ళతో అది అంటుకుంటుందని హెల్త్ ఇన్‌స్పెక్టరు ఉగ్గాని అమ్మడాన్నీ తినడాన్నీ నిషేధించాడట. మధ్యాహ్నంలోగా ఆయనే వచ్చి చూస్తాడట. చాటింపు ఏ వీధిలో తప్పినా శాంతయ్య కొలువు ఊడినట్టే.

నానిన బొరుగులకు పోపు పెట్టి చేసే ఉగ్గాని లేకుండా ఆ ఊరికి తెల్లవారదు. అందులోనూ పేరుబడ్డ ఉగ్గాని అంగడి శాంతయ్య భార్య హనుమమ్మది. ఆమె అప్పటికే రెండు గంపల బొరుగులు తీసిపెట్టుకుని, బజ్జీలకు మిరపకాయలు చీలుస్తోంది. శాంతయ్య సర్కారు కంటే భార్యకే ఎక్కువ భయపడే మనిషి.

అన్ని వీధుల్లోనూ గొంతు చించుకున్నాడు. తన వీధి మలుపు దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. గంపలు ఖాళీ అయ్యాక చాటుదాంలే అని తనకు తానే సర్దిచెప్పుకుని, తప్పెట చంకలో పెట్టుకుని చప్పుడు చేయకుండా ఇల్లు చేరాడు.

ఆ ఊరివాళ్ళకు ఒక పట్టింపు ఉంది. తప్పెట కొట్టి చాటిన వీధికే హుకుం, చాటని వీధికి ఏ హుకుమూ లేదు. శిస్తు చాటింపైనా, తప్పిపోయిన పశువుల చాటింపైనా అంతే. అరగంటలో నాలుగు వీధుల జనం హనుమమ్మ అంగడి ముందు మూగారు. మిగతా అంగళ్ళవాళ్ళు కూడా పొయ్యిలు ఆర్పి, విస్తరాకులు పట్టుకుని వచ్చేశారు.

"ఏమప్పా శాంతయ్యా, మీ వీధి యా దేశంలో ఉండాది?" అన్నాడు పక్కవీధి అంగడి సోమన్న.

శాంతయ్యకు నవ్వు రాలేదు. ఈ గుంపు ఇన్‌స్పెక్టరు కంట పడితే తన గతేమిటనుకున్నాడు. ఇక ఆగి లాభం లేదని తప్పెట తీసి నడివీధిలో దడదడా వాయించాడు. తప్పెట వినబడితే పరిగెత్తుకొచ్చే ఊరది. ఇళ్ళల్లో మిగిలిన ముసలీముతకా కూడా వచ్చి చేరారు. "ఉగ్గాని" అని నోరు తెరిచాడో లేదో, హనుమమ్మ గరిటె పట్టుకుని అతనివైపు చూసింది. మిగతా మాట మింగేశాడు. పెళ్ళాం అంగడికి గిరాకీ పిలుస్తున్నాడు, మంచి మొగుడని ముసలమ్మలు మెచ్చుకున్నారు.

సరిగ్గా అప్పుడే మునసబు వెంట ఇన్‌స్పెక్టరు వచ్చాడు. జనం పక్కకు తప్పుకున్నారు. ఈ వీధిలో చాటావా లేదా అని ఆయన గట్టిగా అడిగాడు. అబద్ధమాడదామనుకుని కూడా శాంతయ్య నిజమే చెప్పేశాడు.

"లేదు సారూ. ఆమె శానా ఆశతో బొరుగులు తీసిపెట్టుకోనుండాది. నాకు చెప్పను నోరు రాలేదు. నా కొలువు తియ్యొద్దండి."

బస్సు దిగినప్పటి నుంచి ఇన్‌స్పెక్టరుకు తినడానికి ఏమీ దొరకలేదు. ఏ వీధికి వెళ్ళినా ఆయన ఉత్తర్వు ఆయనకంటే ముందే చేరి ఉంది. ఇక్కడ పోపు వాసన ముక్కుకు తగులుతోంది. చాటని వీధికి ఉత్తర్వు లేదంటారట, నిజమేనా అని మునసబును అడిగాడు. మునసబు కూడా పొద్దున్నుంచి ఆయన వెంటే తిరుగుతున్నాడు. ముమ్మాటికీ నిజమన్నాడు.

"అయితే ఇక్కడ రేపు చాటు. అమ్మా, నీళ్ళు బాగా కాచి నానబెట్టు" అని ఇన్‌స్పెక్టరు అరుగు మీద కూర్చున్నాడు.

శాంతయ్యకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆకలి కూడా తెలిసింది. విస్తరాకు వెతికి తెచ్చుకునేసరికి గంపలూ బాణలీ ఖాళీ. ఊరంతటిలో ఆ రోజు ఉత్తర్వును పాటించినవాడు శాంతయ్య ఒక్కడే.