కాలనన్న గొంగళి

నిప్పును కనిపెట్టినందుకు చరిత్ర మానవజాతిని మెచ్చుకుంటూనే ఉంది గానీ, ఆ నిప్పును పద్నాలుగు గడుల ఫారంలో కూర్చోబెట్టిన ఘనత మాత్రం నారిన్ వైపు కొండల్లో ఉన్న వస్త్ర దహన గుణ నిర్ధారణ కార్యాలయానిదే. ముప్పై మందికి మించి కూర్చునే ఏ గుడారమైనా సరే, దాని పైకప్పు గుడ్డ ఎలా కాలుతుందో ఈ కార్యాలయానికి ముందుగా తెలిసి ఉండాలి. (తెలిశాక ఏం చెయ్యాలో నిబంధనల్లో లేదు. తెలుసుకోవడంతోనే కార్యాలయం బాధ్యత తీరిపోతుంది.)

ఊల్కన్ ఆ మెట్లెక్కింది భర్త సంవత్సరీకం కోసం. తోక్తోసున్ పోయి ఏడాది కావడానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఊరూవాడా కలిపి రెండు వందల మంది వస్తారు. ఆరోజు వేసే గుడారానికి ఆవిడ ఏడాదంతా కూర్చుని గొంగళ్లు చేసింది. అవి మగ్గం మీద నేసినవి కావు. ఉన్ని పరిచి, మరిగే నీళ్లు పోసి, చాపలో చుట్టి, చేతులు వాచిపోయేదాకా దొర్లించి గట్టిపరిచినవి. ఆ ఉన్ని తోక్తోసున్ తన చేత్తో కత్తిరించిన ఆఖరి కత్తిరింపు. ఆయన పేరు మీద జరిగే ప్రార్థన దాని కిందే జరగాలని ఆవిడ కోరిక. ఇంతకన్నా పెద్ద కోరిక ఆవిడకు ఈ ప్రపంచంలో మిగల్లేదు.

కార్యాలయం గోడ మీద రంగు రంగుల పట్టిక ఉంది. పాలిస్టర్ నలగదు, నీళ్లు పీల్చదు. నైలాన్ సాగుతుంది, తెగదు. యాక్రిలిక్ వెచ్చగా ఉంటుంది, చూడ్డానికి ఉన్నిలా ఉంటుంది. అరామిడ్ నిప్పుకు లొంగదు కాబట్టి మంటలార్పే వాళ్ల కోట్లకు పనికొస్తుంది. (జిల్లాకు అలాంటి కోటు ఒకటి వచ్చింది. మసి అంటుకుంటుందని దాన్ని పెద్దాఫీసరు గదిలో అద్దాల బీరువాలో పెట్టారు.) పట్టికలో ఉన్ని లేదు.

పరీక్షాధికారి శుకుర్‌బెక్ మంచివాడు. కుర్రతనంలో తోక్తోసున్ దగ్గరే గుర్రం ఎక్కడం నేర్చుకున్నాడు. ఆ గౌరవంతోనే ఆవిడ ఫారం తనే నింపడం మొదలుపెట్టాడు.

"నార పేరు... 'ఇతరాలు' అని రాస్తున్నానక్కా. ఎవరు తయారుచేశారు?"

"గొర్రెలు."

"చిరునామా?"

"ఎండాకాలం కొండ మీద. చలికాలం మా కొట్టంలో."

"రెండు చిరునామాలు రాయకూడదు. కొట్టం రాస్తాను. కనిపెట్టిన సంవత్సరం?"

"నేను పుట్టేటప్పటికే ఉంది తమ్ముడూ."

ఆవిడ పుట్టిన సంవత్సరం రాశాడు. అక్కడిదాకా అంతా సవ్యంగానే జరిగింది.

తర్వాత పరీక్ష. జానెడు ముక్క కత్తిరించి, కొక్కేనికి వేలాడదీసి, పైన సుద్దతో గీత గీసి, కింద అంచుకు మంట పెట్టాలి. ఆ మంట పైగీతకు ఎన్ని సెకన్లలో చేరిందో తొమ్మిదో గడిలో రాయాలి. శుకుర్‌బెక్ మంట పెట్టాడు. గదంతా జుట్టు కాలిన కంపు కొట్టింది. అంచు నల్లబడింది, పొడిపొడిగా రాలింది. మంట తీయగానే ఆరిపోయింది.

మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆరిపోయింది. మూడోసారి పాత పరిచయం కొద్దీ తనే వంగి ఊదాడు. ముఖం ఎర్రబడింది గానీ గొంగళి ఎర్రబడలేదు.

"ఆరిపోతోందక్కా" అన్నాడు దిగులుగా.

"ఆరిపోతే మంచిదే కదా?"

"మంచిదే. కానీ పైగీతకు ఎప్పుడు చేరిందో రాయాలి."

"చేరలేదని రాయి."

"అంకె రాయాలి. అక్షరాలు పెడితే కంప్యూటర్ తీసుకోదు."

"అయితే సున్నా పెట్టు."

"సున్నా పెడితే మనం ముట్టించకముందే కాలిపోయిందని అర్థం వస్తుందక్కా. నా ఉద్యోగం పోతుంది."

గడి ఖాళీగా వదిలితే దరఖాస్తు అసంపూర్ణం. అసంపూర్ణ దరఖాస్తుకు అనుమతి లేదు. శుకుర్‌బెక్ రాజధానికి ఉత్తరం రాశాడు. ఆరు రోజులకు జవాబొచ్చింది. 'నమూనా పరీక్షకు సహకరించడం లేదు. సహకరించే నమూనాను సమర్పించవలసిందిగా దరఖాస్తుదారుకు సూచించాలి' అని దాని సారాంశం.

ఊల్కన్ ఆ ఉత్తరాన్ని ఇంటికి తెచ్చి, గొంగళ్ల దొంతర పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది. మరిది జూమాష్ కొట్టం గుమ్మంలో నిలబడి విన్నాడు.

"వదినా, వాళ్లకు కావాల్సింది కాలేది. కాలేది తెచ్చిపడేస్తే గొడవ వదులుతుంది."

"మీ అన్న సంవత్సరీకానికి కాలేది కప్పుతావా?"

"అనుమతి లేకపోతే ఏదీ కప్పలేం. రెండు వందల మందిని ఎండలో కూర్చోబెడదామా? ఆపైన వానొస్తే?"

ఆవిడ ఉత్తరం మడిచి గొంగళ్ల కింద పెట్టింది. జూమాష్ సంతకు పోయి చుట్టలకొద్దీ యాక్రిలిక్ గుడ్డ తెచ్చాడు. తెల్లగా, మెత్తగా, అంచున పొట్టేలు కొమ్ముల ముగ్గు అచ్చేసి ఉంది. దూరం నుంచి చూస్తే తోక్తోసున్ గొర్రెలే సిగ్గుపడాలి.

ఈసారి పరీక్ష క్షణాల్లో అయిపోయింది. అగ్గిపుల్ల దగ్గరికి పోయిందో లేదో గుడ్డ భగ్గుమంది. నల్లటి పొగ కప్పును తాకింది. కరిగిన చుక్కలు మండుతూ బల్ల మీద పడ్డాయి. శుకుర్‌బెక్ ఎడమ కనుబొమ సగం పోయింది. అయినా చేతిలో గడియారం వదల్లేదు. తొమ్మిదో గడిలో ఏడు సెకన్లు. పొగ రంగు గడిలో నలుపు. చుక్కల గడిలో ఉన్నవి. మిగిలిన పదార్థం గడిలో గట్టి నల్ల గోలీ. పద్నాలుగు గడులూ నిండాయి.

"ఇంత నిండుగా ఉన్న ఫారం ఈ ఏడాదిలో చూళ్లేదక్కా" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

"అది కాలిపోయింది కదా?"

"కాలిపోయింది."

"మరి దానికి అనుమతి ఇస్తున్నావు?"

"కాలిందనే రాశాను కదా. కాలకూడదని ఫారంలో ఎక్కడా లేదు."

ముద్ర పడింది. సంబంధిత స్థలంలో పరీక్ష పూర్తికాని వస్త్రాలేవీ ఉండరాదని అనుమతి పత్రం కింద చిన్న అక్షరాల్లో ఉంది. అందుకని ఏడాది పాటు చేసిన గొంగళ్లన్నీ పొరుగింటి కొట్టంలోకి చేరాయి.

సంవత్సరీకం రోజు తెల్లవారుతూనే వాన పట్టుకుంది. కొత్త గుడారం మల్లెపువ్వులా మెరిసింది. లోపల పెద్దలు వరసగా కూర్చున్నారు. గుర్రపు మాంసం, నూనెలో వేయించిన రొట్టెలు వడ్డించారు. మధ్యలో టీ కాచే సమోవర్ నిప్పుల మీద బుసలు కొడుతోంది. ప్రార్థన మొదలవుతుందనగా శుకుర్‌బెక్ వచ్చాడు. గుమ్మం పక్కన వేలాడుతున్న అనుమతి పత్రం చూసి, వంకరగా ఉంటే సరిచేశాడు. లోపలికి మాత్రం రాలేదు. వానలో నిలబడి టోపీ సర్దుకుని ప్రార్థనకు రెండు చేతులూ చాచాడు.

ఊల్కన్ టీ గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"తడిసిపోతున్నావు తమ్ముడూ, లోపలికి రా."

"పర్లేదక్కా, ఇక్కడే బాగుంది."

"పెద్దాళ్లంతా లోపలే ఉన్నారు. నీకూ చోటుంది, రా."

శుకుర్‌బెక్ టీ గిన్నె అందుకుని ఒకడుగు వెనక్కి వేశాడు.

"అది కాదక్కా. ఏడు సెకన్లని రాసింది నేనే కదా."