సర్వే నంబరు 114లో చెరువు

గంట్లవలస పురపాలక సంఘం కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదాను నోటీసు బోర్డుకు అతికించిన సోమవారం ఉదయమే, దర్జీ పైడమ్మ ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు ఊరాయి. పటంలో ఏ రంగు వేస్తే నేల ఆ ప్రకారం నడుచుకోవడం ఆ ఊళ్ళో మామూలే. కిందటి ప్లానులో సినిమా హాలుకు ఆకుపచ్చ పడితే కుర్చీల మధ్య వరి మొలిచింది. జనం గట్ల మీద కూర్చుని ఆట పూర్తిగా చూశారు.

పైడమ్మ కుట్టుమిషన్ని మంచం మీదికెక్కించి, కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని ఆఫీసుకు నడిచింది. మొగుడు పోయాక ఆ మిషన్ తొక్కే రెండు గదులూ కట్టుకుంది. వదిలిపోయే ఉద్దేశం ఆమెకు లేదు.

పట్టణ ప్రణాళికాధికారి చంద్రమౌళి మర్యాదగా కుర్చీ చూపించి, పటం పరిచాడు. ఆమె ఇల్లున్న సర్వే నంబరు 114 మీద నీలిరంగు ఉంది.

"మీది చెరువమ్మా."

"సెరువు ఊరికి తూరుపునుంది కద బాబూ!"

"అది పసుపు చేశాం, ఇళ్ళ స్థలాలకి. తెల్లారేసరికి ఎండిపోయింది కూడా. ఊళ్ళో చెరువు విస్తీర్ణం తగ్గకూడదని రూలుంది. ఆ నీలాన్ని ముక్కలు ముక్కలుగా సర్దుతున్నాం. మొదటి ముక్క మీకొచ్చింది."

"మరి నానెక్కడుండాల?"

"ముప్ఫై రోజుల్లో అభ్యంతరం రాసివ్వండి. కాకపోతే మీ ముక్క ఇంకెక్కడో పెట్టాలి కదా. ఎవరింట్లోనో మీరే చూపించి సంతకం చెయ్యాలి."

ఆయన కలం అందించాడు. పటంలో వెనక వీధిలో చిట్టెమ్మ ఇల్లుంది. తనూ మిషన్ పెట్టి పైడమ్మ గిరాకీలందరినీ లాక్కున్న చిట్టెమ్మ. పైడమ్మ వేలు అక్కడ కాసేపు ఆగింది. తర్వాత తూర్పుకు జరిగి పసుపు మీద ఆనింది.

"ఇక్కడెట్టండి. ఇది సెరువే గదా."

"అక్కడ రిజిస్ట్రేషన్లు అయిపోయాయమ్మా. జనం ఇబ్బంది పడతారు."

"నాను జనం కాదా?"

చంద్రమౌళి ఆ ప్రశ్నను అభ్యంతరాల రిజిస్టరులో ఒకటో నంబరుగా రాయించాడు.

మూడో వారం తనిఖీకి వచ్చిన సిబ్బంది వంటింట్లో చేపలు చూశారు. స్థలం పటానికి సరిపోయిందని, అభ్యంతరం నిలవదని జవాబు వచ్చింది. గడువు దాటి ప్లాను ఖరారైంది. పైడమ్మ మిషన్ని డాబా మీదికి చేర్చి, ఎండకు గొడుగు కట్టుకుని జాకెట్లు కుట్టింది. సోమవారం సోమవారం మాత్రం నడుం లోతుకు పెరిగిన నీళ్ళు దాటి, "అది సెరువు కాదు, నా ఇల్లు" అని రాసిన కాగితాన్ని తలమీద పెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. ఒక్క వారమూ మానలేదు.

ఆఫీసు ఆమెను పట్టించుకోలేదనడం తప్పు. ఆమె చీర నుంచి కారే నీళ్ళకు గచ్చు పాడవుతోందని గుమ్మం దగ్గర గోనెపట్టా వేయించారు.

వానాకాలానికి చెరువు ముక్కలు మరో ఏడు ఇళ్ళకు సర్దారు. ఆ తర్వాతి సోమవారం తడిసిన పంచెతో ఒక ముసలాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.  పైడమ్మ పక్కకు జరిగి, పట్టా మీద చోటిచ్చింది. ఆయన వెనక ఇంకా జనం ఉన్నారు.

రద్దీ గమనించిన ఆఫీసు, వాళ్ళకు మరో రెండు పట్టాలు మంజూరు చేసింది.