నర్మద కారు, మామయ్య నడుము

ఆ ఆదివారానికి నర్మద వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే అత్తమామలను కారులో ఎక్కించుకుని చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వెళ్లాలి, ఇడ్లీ తినిపించి ఇంటి దగ్గర దింపాలి. ఆ తర్వాత ఊరి బయటున్న రేస్ ట్రాక్‌కు వెళ్లి, తన ఎర్ర కారును జీవితంలో మొదటిసారి వెనకనుంచి ఎవరూ హారన్ కొట్టని చోట తోలుకోవాలి. ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏముంది? ఏమీ లేదు. ఆ ఇంట్లో మిగతా ముగ్గురూ అంత మంచివాళ్లు కాకపోయి ఉంటే, అంతా సాఫీగా జరిగిపోయేదే.

అయితే ఆ ఇడ్లీ వెనక ఒక పందెం ఉంది. కారు చిన్నది, జోరు ఎక్కువ, పైగా సెకండ్ హ్యాండ్‌ది. దాని పాత ఓనరు ఎవడో మహానుభావుడు, రాళ్లలాంటి స్ప్రింగులు వేయించి పెట్టాడు. రోడ్డు మీద చింతగింజ ఉన్నా లోపల కూర్చున్నవాళ్లకు తెలిసిపోయేది. నర్మద మామగారు శ్రీరామమూర్తి అందులో రెండుసార్లు ఎక్కి, మూడోసారి ఆటో పిలుచుకున్నాడు. ఆయన బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. బండ్ల విషయంలో ఆయన మాట అంటే ఆ ఇంట్లో తీర్పు కిందే లెక్క.

"ఈ బండి అమ్మేద్దాం బిడ్డా. ఏడుగురు కూసునేది పెద్దది తీసుకుందాం. నడుం నిమ్మళంగ ఉంటది," అన్నాడాయన.

నర్మద పళ్ల డాక్టరు. రోజంతా అశోక్‌నగర్ క్లినిక్‌లో ఊళ్లోవాళ్ల నోళ్లలోకి వంగి చూసి చూసి, సాయంత్రం ఆ కారులో కూర్చుంటే తప్ప ఆమెకు ఊపిరాడదు. ఎవరు ఎన్ని చెప్పినా వినకుండా, ముచ్చటపడి కొనుక్కున్న వస్తువు అదొక్కటే.

"అమ్ముడెందుకు మామయ్యా? సస్పెన్షన్ మారుస్త. ఊర్ల మెత్తగ ఉంటది, ట్రాక్ మీద గట్టిగ ఉంటది, రెండూ ఒక్క బండిలనే. ఆదివారం మీరే ఎక్కి చూడుండ్రి. నడుం నొచ్చిందని మీరు ఒక్క మాటన్నా సరే, బండి అమ్మేస్త."

"మాట మీద ఉంటవా?"

"ఉంట."

శనివారం లోయర్ ట్యాంక్ బండ్‌లోని పీరయ్య షెడ్డులో కొత్త షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు పడ్డాయి. ఒక్కో చక్రానికి పైన చొక్కా గుండీ అంత నాబ్ ఒకటి ఉంది. ముందువి రెండూ బానెట్ కింద, వెనకవి రెండూ డిక్కీలో. ఎడమకు తిప్పితే మెత్తన, కుడికి తిప్పితే గట్టి. నర్మద సాయంత్రం ఇంటికొచ్చి, నాలుగింటినీ చివరిదాకా ఎడమకు తిప్పి, ఒకసారి సందు చివరిదాకా పోయివచ్చింది. కారు ఉయ్యాలలా ఊగింది. ఇక గెలిచేసినట్టేనని హాయిగా నిద్రపోయింది.

పొద్దున్నే శ్రీరామమూర్తి పాల ప్యాకెట్లు తెచ్చి మెట్ల మీద పెట్టి, కారు వైపు చూశాడు. పందెం పందెమే, కానీ కోడలు ఎక్కే బండిని ఎవడో షెడ్డువాడు విప్పి బిగించాడంటే ఒకసారి చూడకుండా ఎలా ఉంటాడు? బానెట్ ఎత్తాడు. నాబ్ మీద వేలు పెట్టాడు. అది తిరిగింది! స్పానర్ లేదు, బలం లేదు, ఉత్త వేళ్లతో తిరిగింది. ఫోర్‌మన్‌గారికి చెమట పట్టింది.

"బిగించుడు మర్చిపోయిండు, సన్నాసి! పిల్ల ట్రాక్ మీద పోతుంటే ఊడొస్తే ఏం గావాలె?" అని గొణుక్కుంటూ రెండింటినీ కుడికి, ఇక తిరగనంత వరకూ బిగించాడు. మధ్యలో టిక్కుటిక్కుమంటుంటే మర పడుతోందనుకుని ఇంకా సంతోషించాడు. డిక్కీలో కూడా అలాంటివి ఉంటాయని ఆయనకు తోచలేదు. ఆయన చూసిన బస్సుల్లో వెనక సామానే ఉండేది.

ఇదంతా బాల్కనీలోంచి ఆయన కొడుకు సాగర్ చూశాడు. సాగర్‌కు కార్ల గురించి ఏమీ తెలియదుగానీ తండ్రి గురించి అంతా తెలుసు, లేదా తెలుసనుకుంటాడు. తెల్లారకముందే బానెట్ ఎత్తి, అటూ ఇటూ చూస్తూ ఏదో తిప్పుతున్నాడంటే ఏమిటి అర్థం? పందెం గెలవడానికి బండిని వదులు చేస్తున్నాడు! పెళ్లాం అంత ఇష్టపడి కొనుక్కున్న కారు!

తండ్రి లోపలికి పోగానే దిగి వచ్చి ముందు నాబులు చూశాడు. గట్టిగానే ఉన్నాయి. రాత్రి నర్మద వెనక కూడా ఏదో తిప్పడం చూశాడు కాబట్టి, డిక్కీ తెరిచి వెనకవి ముట్టుకున్నాడు. వదులు. "ఇగో, దొరికింది. నేను చూడకముందే వెనకవి ఇప్పిండన్నమాట," అనుకుని రెండింటినీ చివరిదాకా కుడికి బిగించి, చేతులు దులుపుకుని, భార్యను కాపాడిన గర్వంతో పోయి స్నానం చేశాడు.

నర్మదకు చెప్పలేదు. తండ్రి పరువు పోతుందని.

అత్తగారు ప్రభావతి కూడా తన వంతు సాయం చేసింది. ఆమెకు ఏడుగురి బండి అక్కర్లేదు. అది వస్తే వారం వారం ఏడుగురు చుట్టాలు దిగుతారని ఆమె భయం. అందుకని భర్త కూర్చునే సీటు మీద మెత్తని దిండు వేసింది. ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెనక సీట్లోకి గిరాటేశాడు.

"పరీక్ష అంటే పరీక్షనే. చిట్టీలు పెట్టి రాస్తమా?"

వెనక ప్రభావతి పక్కన సాగర్ కూడా ఎక్కాడు. కారు కదిలింది. సందు చివర కాలనీవాళ్లు సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ ఉంది, మోకాలెత్తు. నర్మద ధీమాగా ఎక్కించింది. కారు ఎగిరింది, దిగింది. దిగినప్పుడు నలుగురి పళ్లూ ఒకేసారి టకామన్నాయి.

"నడుం!" అని అరిచాడు శ్రీరామమూర్తి.

నర్మద బ్రేకు తొక్కి, అశోక్‌నగర్ మూలమీద చాయ్ బండి పక్కన ఆపి, పరుగున దిగి బానెట్ ఎత్తింది. కరెంట్ అఫైర్స్ పుస్తకాలు చంకలో పెట్టుకుని చాయ్ తాగుతున్న హాస్టల్ కుర్రాళ్లు చుట్టూ చేరారు.

"ముందరివి రెండూ ఫుల్ టైట్!" అంది నర్మద. డిక్కీ తెరిచింది. "వెనకవి గూడా! రాత్రి నేనే మెత్తగ పెట్టిన. ఎవరు తిప్పిండ్రు దీన్ని? గట్టిగ ఉంటే బండి రాయి అయితదని తెల్వని మనిషెవడు? బండి గురించి ఓనమాలు రానోడే తిప్పి ఉంటడు!"

చుట్టూ కుర్రాళ్లు నవ్వారు. కారులో తండ్రీకొడుకులు నవ్వలేదు. నాబుల అసలు అర్థం ఇద్దరికీ అప్పుడే తెలిసింది. ఆ ఓనమాలు రానోడు తనేనని ఎవరికివారే సీట్లో కుంచించుకుపోయారు.

ఆమె ఫోన్ స్పీకర్‌లో పెట్టి పీరయ్యను కడిగేసింది. "అమ్మా, నా పిల్లల మీద ఒట్టు, నేను ముట్టలే. మీరే గదా తిప్పుకున్నరు? ఇంట్ల అడుగుండ్రి," అన్నాడు పీరయ్య, దాదాపు ఏడుస్తూ.

ఇంట్లో అడగడం దాకా వస్తే ఇంకేమైనా ఉందా! జీవితమంతా, తెలియని నట్టు ముట్టుకోవద్దని డిపోలో మనుషులను తిట్టినవాడు శ్రీరామమూర్తి. కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"ఆయన్నెందుకు పరేషాన్ చేస్తవ్ బిడ్డా? బండికేమైంది? మంచిగనే ఉన్నది."

"మంచిగున్నదా? మీరే నడుం అని మొత్తుకున్నరు గద మామయ్యా!"

"నడుం... నడుం నిమ్మళంగ ఉన్నది అందామనుకున్న. నువ్వు బ్రేక్ తొక్కితివి, మాట ఆగిపోయింది."

"అవునవును," అన్నాడు వెనకనుంచి సాగర్, అడక్కుండానే. "పరుపు మీద కూసున్నట్టుంది."

నర్మద ఇద్దరినీ తేరిపార చూసింది. మామగారి బొటనవేలికి నల్లటి గ్రీజు. మొగుడి కళ్లు నేల మీద. నోరు తెరవకముందే ఏ పన్ను పుచ్చిందో చెప్పగల డాక్టరమ్మకు ఈమాత్రం తెలియదా? నాబులు ముట్టుకోకుండానే డిక్కీ మూసింది. బానెట్ మూసింది.

"సరే మామయ్యా. మీకు ఇట్లనే నచ్చిందంటే, ఇట్లనే పోదాం."

నారాయణగూడకు దగ్గరి దారి ఉంది. ఆమె అందులో పోలేదు. పైపులైను కోసం తవ్వి పూడ్చిన సందులన్నీ తిప్పింది. మెట్రో పిల్లర్ల కింద ఒక్క గుంతను కూడా చిన్నబుచ్చలేదు. ప్రతి గుంత దగ్గరా "ఎట్లున్నది మామయ్యా?" అని మర్యాదగా అడిగింది. "మస్తుగున్నది" అని ప్రతిసారీ ఆయన పళ్ల బిగువున చెప్పాడు. వెనక సాగర్ తల కప్పుకు తగిలినప్పుడల్లా "వాహ్" అన్నాడు, మెచ్చుకోలుగా. ప్రభావతి మాత్రం దిండు తన కింద వేసుకుని ప్రశాంతంగా కూర్చుంది.

ఇడ్లీ ఆయన నిలబడే తిన్నాడు.

"ఇంత నచ్చినప్పుడు ట్రాక్‌కు గూడా పోయి రారాదుండ్రి," అంది ప్రభావతి, ఉండబట్టలేక.

వద్దంటే అబద్ధం బయటపడుతుంది. పోయాడు. తల్లీకొడుకులు కూడా వెంట పోయారు. పొయ్యేదారంతా ఆయన కళ్లు మూసుకుని దేవుళ్లను పిలిచాడు. బండి ఉంటుందో పోతుందో నర్మదకు ఇంకా తెలియదు. ఈయన ఎంతసేపని ఓర్చుకుంటాడు? రాత్రికి నడుము పట్టేస్తే, పందెం పక్కనబెట్టి తీర్పు చెప్పేయడూ? ఆమెకు లోలోపల భయంగానే ఉంది.

ట్రాక్‌లో మొదటి రౌండ్లకు పక్కన ఒకరిని కూర్చోనిస్తారట. హెల్మెట్ పెట్టి శ్రీరామమూర్తిని కూర్చోబెట్టారు. కారు గేటు దాటింది. ఆయన దెబ్బ కోసం బిగుసుకున్నాడు. దెబ్బ రాలేదు. మలుపు వచ్చింది. కారు పక్కకు ఒరగలేదు, ఊగలేదు, నేలను అంటిపెట్టుకుని తిరిగిపోయింది. ఒక కన్ను తెరిచాడు. ఇంకో మలుపు. రెండో కన్నూ తెరిచాడు. మూడో మలుపు దాటేసరికి "తొక్కు బిడ్డా, తొక్కు!" అని కేకలు పెట్టాడు.

దిగాక వంగి తారు మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"ముందరి నాబులు బిగించింది నేనే," అన్నాడు చివరికి.

"వెనకవి నేను," అన్నాడు సాగర్.

"తెలుసు," అంది నర్మద. "ఇగ చెప్పుండ్రి మామయ్యా. బండి అమ్మాల్నా?"

"ఎందుకమ్ముతం? తప్పు నాబులది గాదు, బండిది గాదు. మన రోడ్లది. ఈ బండి జోలికెవడన్నా వస్తే నేనూకోను."

నర్మదకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చెయ్యి పట్టుకుంది. ప్రభావతి ఊపిరి పీల్చుకుంది; ఏడుగురు చుట్టాల గండం గడిచింది.

"అందుకని," అన్నాడు శ్రీరామమూర్తి, "ఇల్లు మారుద్దాం. ఇసొంటి రోడ్డు పక్కకు."

ఎవరూ ఏమీ అనకముందే గేటు దగ్గరికి పోయి, ఆ చుట్టుపక్కల కిరాయికి ఇళ్లున్నాయా అని వాచ్‌మన్‌ను అడిగాడు. ఉన్నాయిగానీ ఇక్కడ నల్లా నీళ్లు రావని అతను చెప్పాడు.

నీళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చునని ఫోర్‌మన్‌గారు అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు.