ఆరు సంచుల చొక్కా

ఆ రోజు దర్జీ వేసుకున్న లెక్క చాలా సాదాసీదాది. పదింటికి కత్తిరింపు, మధ్యాహ్నానికి కుట్టు, నాలుగింటికి ఇస్త్రీ, అయిదింటికల్లా మునిసిపల్ ఛైర్మన్ ఒంటి మీద కొత్త చొక్కా. ఆరింటికి ఛైర్మన్ ఆ చొక్కాలో పర్యావరణ సభకు వెళ్లి ఉపన్యాసం దంచుతాడు. చొక్కా నచ్చిందా, ఊళ్లో బడిపిల్లల యూనిఫాంలన్నీ ఈ దర్జీకే. నచ్చలేదా, ఎదురుగా అద్దాల తలుపులు పెట్టుకుని కూర్చున్న రెడీమేడ్ షాపుకి. అప్పుడిక మిషన్ అమ్మేసి, ఆ షాపులోనే చొక్కాలు మడతపెట్టే పనికి కుదరాలి.

నూలు బట్టని కోసే ముందు నీళ్లలో ముంచి ఆరెయ్యాలి. లేకపోతే మొదటి ఉతుకుకే చొక్కా బెత్తెడు కుంచించుకుపోయి, తొడుక్కున్నవాడి పొట్ట వీధిన పడుతుంది. ఛైర్మన్ పొట్టతో చెలగాటం మనకెందుకని దర్జీ తెల్లారగానే గుడ్డని బకెట్లో ముంచి తీశాడు. పెరట్లో తీగ మీద చోటు లేదు. అక్కడ వేలాడుతున్న పాత దుప్పటిని లాగి లోపల మూలకి విసిరేసి, తడిగుడ్డని ఆరేసి, కాస్త ఎండెక్కాక బొత్తాలు కొనడానికి బజారుకి పోయాడు.

ఇక ఆయన భార్య సంగతి. నెల రోజులుగా ఆవిడ ముందు ఇంటిని, తర్వాత వీధిని సంస్కరిస్తోంది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే ఊరుకోదు. స్నానానికి ఒక్క బకెట్టే. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకే పోవాలి. దర్జీ ఓసారి సింకులో పారబోసి, పూటంతా మాటలు పడ్డాడు. ఇప్పుడు ప్లాస్టిక్ కవర్ల మీద పడింది. సంచులకి గుడ్డ కావాలని ముందు రోజు రాత్రి భోజనం దగ్గర నస పెడుతుంటే, ముద్ద దిగక దర్జీయే అన్నాడు, "తీగ మీద ఆకుపచ్చ దుప్పటి ఉందిగా, చింపుకో, నన్ను తిననీ" అని.

బొత్తాలతో తిరిగొచ్చేసరికి తీగ ఖాళీ.

"ఏమే, తీగ మీద గుడ్డేది?"

"ఇంకెక్కడి గుడ్డ? ఆరు సంచులయ్యాయి. ఇంటికొకటి పంచేసి వచ్చా."

దర్జీ గడప మీద కూలబడ్డాడు. "అది దుప్పటి కాదే, ఛైర్మన్ చొక్కా గుడ్డ!"

"తీగ మీద దుప్పటి ఉందన్నదెవరు?"

"నేనే."

"దాన్ని అక్కణ్ణుంచి తీసిందెవరు?"

"నేనే."

"మరి నా మీద అరుస్తారేం?"

ఆవిడ తప్పేం లేదు. ఈ రోజుల్లో ఖరీదైన బట్టలన్నీ పదేళ్లు వాడి పారేసినట్టే ఉంటున్నాయి. డబ్బున్నవాళ్ల ముచ్చట అలా తగలడింది. ఛైర్మన్ ఎక్కణ్ణుంచో తెప్పించుకున్న లేత ఆకుపచ్చ గుడ్డకీ, వెలిసిపోయిన దుప్పటికీ తేడా కనిపెట్టాలంటే బిల్లు చూడాల్సిందే.

దర్జీ మొదట పక్కింటి టీచరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ అప్పుడే సంచి నిండా ఉల్లిపాయలు నింపుకుని వస్తోంది.

"ఇచ్చిన సంచి వెనక్కి అడగడానికి నోరెలా వచ్చింది అన్నయ్యా? నిన్నటిదాకా కవరు పట్టుకుంటే మీ ఆవిడ నన్ను దొంగని చూసినట్టు చూసింది. ఇవాళ సంచి పట్టుకుంటే మీరొచ్చారు. ఉల్లిపాయలు నెత్తిన పెట్టుకుని మొయ్యమంటారా?"

నిజం చెబితే ఛైర్మన్ చెవిన పడుతుంది. దర్జీ నోటికొచ్చింది అనేశాడు. "అది కాదమ్మా, ఆ రంగు మంచిది కాదట. దురదలొస్తాయట."

సంచి కిందపడింది. ఉల్లిపాయలు మురుగుకాలవ దాకా దొర్లాయి. టీచరమ్మ అక్కడే నిలబడి చేతులు గోక్కోవడం మొదలెట్టింది.

ఆ తర్వాత దర్జీకి అడిగే పనే పడలేదు. కబురు ఆయన కంటే ముందే నడిచింది. రెండు, మూడు, నాలుగో ఇళ్లవాళ్లు సంచుల్ని గేట్ల బయటికి విసిరేసి తలుపులేసుకున్నారు. అయిదో ఇంట్లో రిటైరైన పోస్టుమాన్ తాతయ్య పట్టకారుతో సంచిని పట్టుకుని ఎదురొచ్చాడు.

"మోచేతి దాకా పాకిందిరా!"

"తాతయ్యా, మీరు దాని మడతైనా విప్పలేదు కదా!"

"అందుకే మోచేతి దగ్గర ఆగింది."

ఆరోది గేటుకే తగిలించి ఉంది. పన్నెండింటికల్లా ఆరు సంచులూ మిషన్ దగ్గరికి చేరాయి. దర్జీ కుట్లు విప్పాడు, కడిగాడు, ఇస్త్రీపెట్టెతోనే ఆరబెట్టాడు, అతికాడు. పట్టీలు కాలరయ్యాయి. ఓ సంచి అడుగు జేబైంది. ఎంత తంటాలు పడ్డా అతుకులు దాగలేదు. నాలుగు అతుకులు సరిగ్గా పొట్ట మీద కలిశాయి. భార్య పక్కనే కూర్చుని కాజాలు కుట్టింది.

నాలుగింటికి ఇంటి ముందు జీపు ఆగింది. దిగింది ఛైర్మనే. చొక్కా కోసం కాదు, కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

"ఏమ్మా, నువ్వు పంచిన సంచులతో వీధంతా గోక్కుంటోందట! టీచరమ్మ ఫోన్ చేసింది. సాయంత్రం నేను గుడ్డసంచులు వాడమని ఉపన్యాసమిస్తుంటే ఎదురుగా జనం గోక్కుంటూ కూర్చుంటారా?"

భార్య నోరు తెరిచేలోపు దర్జీ అడ్డం వచ్చాడు. యూనిఫాంలు పోతే పోయాయి, చెయ్యని తప్పుకి ఆవిడ మాట పడటమెందుకు?

"దురదా లేదు, పాడూ లేదు సార్. అది నేను పుట్టించిందే." జరిగిందంతా కక్కేసి చొక్కా తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇదే మీ గుడ్డ. ఆరు సంచులై తిరిగొచ్చింది. ఏం చేస్తారో మీ ఇష్టం."

ఛైర్మన్ చొక్కాని తిప్పి తిప్పి చూశాడు. అతుకుల్ని వేలితో తడిమాడు. మొహంలో కోపం పోయి ఇంకేదో వెలిగింది.

"అంటే ఇది సంచులతో కుట్టిన చొక్కా!"

"మీ కొత్త గుడ్డేనండీ, మేం పాడుచేశాం," అంది భార్య.

"ష్! ఆ ముక్క సభలో అనకమ్మా."

ఆ సాయంత్రం ఛైర్మన్ పొట్ట మీది అతుకులు చూపిస్తూ, "వాడేసిన సంచులే నా చొక్కా!" అన్నాడు. చప్పట్లు ఆగలేదు. టీచరమ్మ గోక్కోవడం మాని మరీ కొట్టింది.

వారం తిరక్కుండా యూనిఫాంల ఉత్తర్వు వచ్చింది. దర్జీ ఎగిరి గంతేశాడు. భార్య కాగితం అందుకుని పైకి చదివింది. "పిల్లల చొక్కాలన్నీ ఛైర్మన్ గారి చొక్కాలాగే ఉండాలి. కొత్త తానుల్ని ముందు సంచుల కొలతకి ముక్కలు చేసి, తర్వాత అతకాలి."

"అతుకులకి గుడ్డ ఎక్కువ పడుతుందే," అన్నాడు దర్జీ నీరసంగా.

"పట్టనీండి. కింద ఇంకో ముక్క రాసి ఉంది." ఆవిడ కాగితం మడిచి మిషన్ మీద పెట్టింది. "ఒక్కో చొక్కానీ ఒక్కో ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపాలట. కవర్లు మాత్రం కొత్తవే ఉండాలట."