ఇద్దరూ దిగిన గద్దె

ఆ పొద్దు అహ్మద్ అలీ పెట్టుకున్న పని చాలా చిన్నది. దుకాణం వెనకే ఉన్న ఇంటి నుంచి చాయ్ వచ్చేలోపు కంప్యూటరులో ఒక్క మార్పు చేయాలి. ఆ తర్వాత కేతేపల్లి పోయి, సర్దార్ అనే రైతు బత్తాయి తోటకు పట్టిన చీడ ఏమిటో చూసి రావాలి. చీడ సంగతి సాయంత్రానికల్లా తేలిపోయింది. ఆ చిన్న మార్పే ఇప్పటికీ తేలలేదు.

నకిరేకల్లులో అలీకి ఎరువుల దుకాణం ఉంది. అతనొక్కడిదే కాదు, అందులో లింగస్వామికి సగం. రామన్నపేటలో రెండో దుకాణం ఉంది, దాన్ని లింగస్వామి చూసుకుంటాడు, అందులో అలీకి సగం. నకిరేకల్లు బోర్డు మీద లింగస్వామి పేరు ముందు, రామన్నపేట బోర్డు మీద అలీ పేరు ముందు. లింగస్వామి ఇక్కడికి వస్తే అలీ గద్దె మీంచి లేచి "కూసో అన్నా" అంటాడు. అలీ అక్కడికి పోతే లింగస్వామి లేచి, భుజం మీది తువ్వాలతో గద్దె దులిపి "కూసో భాయ్" అంటాడు. ఇద్దరిలో ఎవరు పెద్దో వాళ్లను కన్న తల్లులే చెప్పలేకపోయారు. చెప్పమని వీళ్లూ అడగలేదు.

తొంభై ఎనిమిదిలో రెండు దుకాణాలకూ కంప్యూటర్లు వచ్చాయి. పెట్టినవాడు ఐలేశం, ఆ విద్య హైదరాబాదులో నేర్చుకొని వచ్చినవాడు. లెక్కల ప్రోగ్రాం నకిరేకల్లు కంప్యూటరు డబ్బాలో ఉంటుంది. రామన్నపేట డబ్బా ఫోను తీగ మీదుగా దీన్ని పట్టుకుంటే ఇక్కడి తెర అక్కడ అగుపిస్తుంది, అక్కడే కూర్చుని ఇక్కడి బిల్లు రాయవచ్చు. లోపలికి పోయే ప్రతి మనిషికీ ఒక హోదా ఉంటుంది. పెద్ద హోదా ఉన్నవాడు బిల్లు రాస్తాడు, కొట్టేస్తాడు, ఎవరికి ఏ హోదా ఇవ్వాలో తేలుస్తాడు. చిన్న హోదావాడు చూస్తాడు, అంతే. ఐలేశం ఇద్దరికీ పెద్ద హోదానే ఇచ్చి, మార్చుకునే తీరు చూపించి, చేసిన మార్పు మర్నాడు డబ్బా తెరిచాకే అమలవుతుందని చెప్పి బస్సెక్కాడు.

అలీకి ఆ రాత్రి అన్నం సయించలేదు. రెండు పేర్లకూ ఒకే హోదా అంటే ఒకే గద్దె మీద ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నట్టుంది. అందుకే తెల్లవారగానే పోయి తన హోదాను తానే తగ్గించుకున్నాడు. రాసేది అన్న రాయనీ, మనం చూస్తే చాలు అనుకున్నాడు. ఈ మాట లింగస్వామికి చెప్పలేదు. లేచిన మనిషి లేచానని చెప్పుకుంటే ఇక ఆ లేవడానికి ఏం మర్యాద?

మర్నాడు డబ్బా తెరిచి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెర మీద బిల్లు పడలేదు. మధ్యాహ్నానికి వాన పడింది, బిల్లు మాత్రం పడలేదు. తొలకరి వాన కాబట్టి రైతులు దుకాణం ముందు గుమిగూడారు. అలీ అందరికీ జర ఆగమని చెబుతూ వచ్చాడు. గుర్వమ్మ అనే ముసలి రైతు మాత్రం తడిసిన చెంగు పిండుకుంటూ అడిగేసింది.

"బస్తా నీ ఎనకాలనే ఉన్నది గద అలీ సాబూ. రామన్నపేటల రాస్తెనే గిది కదుల్తదా?"

"గట్లనే అవ్వా. అన్న రాస్తడు, జర సేపు కూసో."

"కూసుంట తియ్యి. వానను గూడ కూసోమను."

ఫోను ఎత్తితే మాటకు బదులు కీచుమని మోత. రామన్నపేట డబ్బా తీగ పట్టుకుని ఉంటే అలాగే మోగుతుందని ఐలేశం ముందే చెప్పాడు. అంటే లింగస్వామి అక్కడ కూర్చుని ఈ ఖాళీ తెరనే చూస్తున్నాడన్నమాట. అలీ రోడ్డు దాటి ఎస్టీడీ బూతు నుంచి చేశాడు. ఎంగేజు. మర్నాడూ ఎంగేజే. అటునుంచి వచ్చిన బస్సు కండక్టరును అడిగితే, లింగస్వామి నిమ్మళంగానే ఉన్నాడని, పొద్దంతా కంప్యూటరు ముందరే కూర్చుంటున్నాడని చెప్పాడు.

అన్నకు జ్వరమైతే బాగుండునని అలీకి అనిపించింది.

"మంచిగుండి రాస్తలేడంటే అలిగిండన్నట్టు" అంది అజ్మత్ బీ, భర్త ముందు రొట్టె పెడుతూ. "నువ్వేమన్నవో యాది చేసుకో."

ఎంత గుర్తు చేసుకున్నా అన్నదేమీ లేదు. అంత హోదా చేతిలో పెడితే ఒక్క గీత గీయలేదు కదా అని మెల్లగా కడుపు మండటం మొదలైంది. అయినా మనసాగక రామన్నపేట పోదామని బస్టాండు దాకా వెళ్లాడు. బస్సు వచ్చింది. హోదా దిగినవాణ్ని నేను, రావలసింది ఆయన కదా అనుకుంటూ నిలబడ్డాడు. బస్సు పోయింది. ఆ బస్సు ఎక్కి ఉంటే ఈ కథ ఆ రోజే అయిపోయేది.

ఎక్కలేదు కాబట్టి తిరిగొచ్చి, ఒక కాగితం ముక్క మీద చేత్తో బిల్లు రాసి గుర్వమ్మకు బస్తా ఇచ్చాడు. ఆమె వెనక మిగతా రైతులూ ఎత్తుకుపోయారు. ఈ కబురు రామన్నపేట చేరేసరికి, అలీ సాబ్ కంప్యూటరు పక్కనబెట్టి సొంత లెక్క తెరిచిండట అని చేరింది. వారం తిరగకుండా రామన్నపేట బోర్డు మీద అలీ పేరుకు సున్నం పడింది. నకిరేకల్లు బోర్డు మీద లింగస్వామి పేరుకు అలీ దగ్గరుండి నల్లరంగు పూయించాడు. పూస్తున్నంతసేపూ ఇంకో పూత వెయ్యమన్నాడు.

పెద్దమనుషులు కూర్చున్నారు. ఇద్దరినీ చెరోవైపు కూర్చోబెట్టి, అసలు తగువేమిటని అడిగారు. ఇద్దరికీ చెప్పడానికేమీ లేదు. ఏమీ లేనప్పుడే మనిషి నోటికి వచ్చిందల్లా అంటాడు.

"ఇన్నేండ్లు నేను లేస్తెనే గద, నువ్వు కూసున్నది" అన్నాడు అలీ.

అన్నాక తన మాట తనకే వినబడింది. లింగస్వామి లేచి, తువ్వాల దులిపి భుజం మీద వేసుకుని, "ఇగ లేవకు భాయ్" అని మాత్రం అన్నాడు.

లెక్కలు రెండుగా విడదీయడానికి ఐలేశాన్ని పిలిపించారు. నకిరేకల్లు దుకాణంలో డబ్బాకు ఒక పక్క అలీ, ఇంకో పక్క లింగస్వామి. ఐలేశం ఎటు పోబోయినా ప్రోగ్రాం అనుమతి లేదంటోంది.

"పెద్ద హోదా ఎవరిదగ్గరున్నది? ఆయన పేరుతోని తెరువుండ్రి."

"అన్న దగ్గర" అన్నాడు అలీ.

"భాయ్ దగ్గర" అన్నాడు లింగస్వామి. రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి.

ఐలేశం ఇద్దరి మొహాలూ చూశాడు. "ఇద్దరూ దిగిపోయిన్రా? గట్లెట్ల దిగుతరే? పెద్ద అనేటోడు ఒక్కడన్న లేకుంటె ఇది నడువది."

సంగతి అప్పుడు తెలిసింది. అలీ దిగిన రోజే, అతను కేతేపల్లిలో బత్తాయి ఆకులు తిరగేస్తున్న వేళ, రామన్నపేటలో లింగస్వామి కూడా తన హోదా తగ్గించుకున్నాడు. భాయ్ రాస్తాడులే, మనం చూస్తే చాలు అనుకున్నాడు. అతనూ చెప్పలేదు. అతనూ ఎస్టీడీ బూతుకు పోయి ఎంగేజు విన్నాడు. ఫోను తీగ వదిలితే భాయ్ రాసే మొదటి బిల్లు ఎక్కడ కనబడకుండా పోతుందోనని పొద్దంతా పట్టుకుని కూర్చున్నాడు.

ఐలేశం పకపకా నవ్వాడు. తోడు ఎవరూ నవ్వకపోయేసరికి ఆపి, డబ్బాను కొత్తగా సర్ది, ఎవరి లెక్కలు వాళ్లకు, ఎవరి పెద్ద హోదా వాళ్లకు ఇచ్చేశాడు.

అలీ గద్దె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"కూసో అన్నా."

లింగస్వామి చెయ్యి అలవాటుగా భుజం మీది తువ్వాల దాకా పోయి ఆగింది.

"వద్దు భాయ్. మళ్లెప్పుడన్న లేచిన్నని యాది చేస్తవ్."

ఆ మాటలో కోపం లేదు. లింగస్వామి చెప్పులు వేసుకుని, వాకిట్లో కనబడిన అజ్మత్ బీకి ఎప్పటిలాగే దండం పెట్టి, బస్టాండు వైపు నడిచాడు. ఖాళీ గద్దె పక్కన అలీ రామన్నపేట బస్సు పోయిన చప్పుడు వినబడేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.

ఇప్పుడు ఆ తీగకు కంప్యూటరు లేదు. నకిరేకల్లు దుకాణంలో ఫోను పొద్దంతా ఖాళీగానే ఉంటోంది, రామన్నపేట నుంచి మాత్రం మోగదు.