మిరపచేలో పులి అడుగులు

ఆ రోజు పది గంటల బస్సుకు జక్రయ్య గుంటూరు వెళ్లాలి. అభయారణ్యంలో ముందుగా దేనిమీద పరిశోధన జరగాలో తేల్చే సంఘం కూర్చుంటోంది. గడ్డి లేకపోతే జింక ఉండదు, జింక లేకపోతే పులి ఉండదు అని మూడేళ్లు అడవిలో తిరిగి తెలుసుకున్నవాడు జక్రయ్య. జాబితాలో గడ్డి మొదట ఉంటే అతని పని నిలుస్తుంది. లేకపోతే మళ్లీ ట్యూషన్లే. కానీ గడ్డి మాట గొడ్లు వింటాయి గాని పెద్దమనుషులు వింటారా?

పులి అడుగు కొలిచి చూపించమంటారేమోనని, పొద్దున్నే ప్రత్తిపాడులో తల్లి ఎలీసమ్మ మిరపచేలో, తడి బోదె వెంట, పులి పాదం అచ్చుతో పది గుర్తులు వేసి కొలుచుకున్నాడు. ఇంతలో బస్సు హారన్ మోగింది. గుర్తులు చెరపడం మరిచి పరుగెత్తాడు.

కోతకొచ్చిన కూలీలు వాటిని చూసి కాళ్లకు బుద్ధి చెప్పారు. ఊరు చేరేసరికి పులి రెండయింది. టీకొట్టు దాటేసరికి దానికి పిల్లలు కూడా పుట్టాయి. పోస్టాఫీసు నుంచి గుంటూరులో సంఘానికి ఫోను వెళ్లింది.

సంఘం పెద్ద, పులుల నిపుణుడు అబ్దుల్ ఖాదర్ గారు కుర్చీలోంచి లేచారు. "ప్రత్తిపాడులో పులా! అదెందుకొచ్చిందో తేల్చడమే మన మొదటి పరిశోధన!"

"అయ్యా, ఆ అడుగులు..." అన్నాడు జక్రయ్య.

"నీ గడ్డి చివర్లో రాస్తాంలేవయ్యా. జీపెక్కు!"

జక్రయ్య సంచి పట్టుకుని జీపెక్కాడు. మిగతా సభ్యులు భోజనాలకు ఆగిపోయారు. ఇద్దరూ చేను చేరేసరికి ఊరంతా గట్టుమీదే ఉంది.

"ఒరే జక్రయ్యా, పైన మబ్బు పట్టిందిరా! ఒక్కరూ చేలోకి దిగనంటున్నారు!" అని తల్లి లబలబలాడింది.

ఖాదర్ గారు టేపుతో పది గుర్తులూ కొలిచారు. "మగపులి. ఆరేళ్లుంటాయి. మంచి ఆకలిమీదుంది," అని తేల్చారు.

కూలీల మేస్త్రి వీరమ్మ వంగి చూసింది. "పదీ కుడి ముందుకాళ్లేనేంటండీ? మిగతా మూడూ ఇంటికాడ పెట్టొచ్చిందా?"

ఖాదర్ గారు మళ్లీ గుర్తుల మీదికి వంగారు. జక్రయ్య సంచిలోంచి అచ్చు తీశాడు. "నేనే వేశానండీ. ఇందాకట్నుంచీ చెప్పబోతూనే ఉన్నాను."

గట్టుమీద నవ్వులు మొదలయ్యాయి. ఖాదర్ గారు మెడ తుడుచుకుని అతన్ని పక్కకు తీసుకెళ్లారు. "ఈ సంగతి గుంటూరు దాకా రావాలంటావా?"

జక్రయ్య వినయంగా చేతులు కట్టుకున్నాడు. "గడ్డి ఎన్నోది రాశారండీ?"

సాయంత్రం జాబితాలో గడ్డి మొదటిదయింది. పులి ఊసే లేదు. అదేమైందని ఊళ్లో ఎవరైనా అడిగితే, మిగతా మూడు కాళ్లూ తెచ్చుకోడానికి వెళ్లిందని వీరమ్మ చెబుతోంది.