పొద్దున్నే రాసిన సాయంత్రం

ఆ ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోవాలి, ఒక పేజీ రాయాలి, ఆఫీసుకు పోవాలి. రోజూ ఏదో ఒకటి రాసుకోమని చెప్పింది డాక్టరు. "మీరు నోరు విప్పి మాట్లాడరు. అన్నీ లోపల్లోపలే కుక్కుకుంటే రక్తపోటు పెరక్క ఏం చేస్తుంది? మాట్లాడలేకపోతే రాయండి, రోజుకో పేజీ చాలు" అంది.

ఇదివరకు సాయంత్రాలు ప్రయత్నించి చూశాడు. రెండో వాక్యానికే కునుకు పట్టేది. మెలకువ వచ్చేసరికి "ఈ రోజు" అన్న మాట దగ్గర మొదలైన సిరా గీత పేజీ దిగి బల్ల మీదికి పాకి ఉండేది. పోనీ పొద్దున్నే రాద్దామా అంటే, అప్పటికింకా ఏమీ జరిగి ఉండదు. మామూలు మనిషైతే అక్కడే చతికిలబడేవాడు. ఇతను మినిట్స్ రాసే గుమాస్తా.

అతని ఆఫీసులో సమావేశం మధ్యాహ్నం జరుగుతుంది, దాని మినిట్స్ మాత్రం పొద్దున్నే తయారవుతాయి. ఎవరేమన్నారో, ఏం తీర్మానించారో అంతా ఇతనే రాసి బల్ల మీద పెడతాడు. సభ్యులు వచ్చి, చదువుకుని, దాని ప్రకారం నడుచుకుంటారు. ఒకసారి పొరపాటున "స్వల్ప వాగ్వాదం అనంతరం" అని పడితే, ప్రాణస్నేహితులైన ఇద్దరు సభ్యులు పాపం లేచి నిలబడి కాసేపు వాదించుకున్నారు. జరిగాక రాయడమనే పని ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతనికి ఏనాడూ పడలేదు. చేయి తిరిగిన విద్య కదా, సొంత దినచర్య కూడా ఆ చేత్తోనే కానిచ్చేశాడు.

"ఈ రోజు సాయంత్రం బావమరిది వచ్చాడు. చాలాసేపు కూర్చున్నాడు" అని రాసి, అలవాటు కొద్దీ కింద సంతకం పెట్టి, కాగితం ఎగిరిపోకుండా పైన గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు. నిజానికి బావమరిది ఆ గడప తొక్కి చాలా కాలమైంది. ఏదో ఒకటి రాయాలి గనక రాశాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముందుగదిలో దీపం లేదు. మసక వెలుతురులో కుర్చీలో ఎవరో బిగుసుకుని కూర్చుని ఉన్నారు. గుమాస్తా గడప దగ్గరే ఆగిపోయాడు.

"నేనే బావా" అన్నాడు బావమరిది.

"ఏమిట్రా, ఇలా వచ్చావు?"

"ఊరికే" అని అతను వంటింటి వైపు చూసి గుటక మింగాడు. చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి వెళ్ళిపోయాడు.

కాకతాళీయం అనుకుని మర్నాడు "కింది వాటా దర్జీ గుమ్మంలో ఎదురై నవ్వాడు" అని రాశాడు. ఆ దర్జీ నవ్వగా చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. సాయంత్రం గుమాస్తా గేటు తీసేసరికి, మెట్ల కింద చీకట్లో, మెడలో టేపు వేలాడుతూ దర్జీ నిలబడి ఉన్నాడు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. గుమాస్తా మెట్లెక్కి మలుపు తిరిగి వెనక్కి చూసినా ఆ నవ్వు అలాగే ఉంది.

మూడోనాడు మనుషుల జోలికి పోలేదు. "వీధిలో దీపాలు పోయాయి" అని రాసి, దాన్ని బల్ల మీద పెట్టడానికి ధైర్యం చాలక మడిచి జేబులో దాచుకున్నాడు. ఇంటి మలుపు తిరిగాడో లేదో, వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా దీపాలన్నీ టక్కున ఆరిపోయాయి. జేబులో కాగితం నిప్పులా తగిలింది.

"పొద్దున్న ఏం రాస్తే సాయంత్రానికి అది జరుగుతోందండీ" అని ఆఫీసులో కేషియరమ్మ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాడు.

"మరి మన ఆఫీసులో అంతేగా!" అందామె తలెత్తకుండా. "భయమైతే, ఏమీ జరగలేదని రాసుకోండి. పీడా పోతుంది."

మంచి సలహానే అనిపించింది. "ఈ రోజు ఇంట్లో ఏమీ జరగలేదు" అని రాశాడు. ఆ సాయంత్రాన్ని మాత్రం అతను ఈ జన్మలో మరచిపోడు. టీవీ మూగబోయి ఉంది. పొయ్యి వెలగలేదు. గోడ గడియారం ఆగిపోయి ఉంది. భార్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఎదుటి గోడను చూస్తోంది.

"ఏమైందే?"

"ఏమీ కాలేదండీ."

"అన్నం?"

"ఏమీ లేదండీ" అందామె చాలా నెమ్మదిగా.

ఆకలి కడుపుతో పడుకున్నవాడికి బుర్ర పాదరసంలా పనిచేసింది. జరగడానికి వీల్లేనిది రాయాలి. అది జరగకపోతే ఈ దయ్యం వదిలినట్టే. మరి జరగడానికి వీల్లేనిదేమిటి? పెళ్ళయిన నాటి నుంచీ అతను తలుపు తట్టినప్పుడల్లా తీసింది ఆమే. ఆ తలుపు వెనక ఆమె లేకపోవడం అన్నది అతని ఊహకే అందని సంగతి. తెల్లారగానే రాశాడు: "సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె లేదు. ఇల్లు ఖాళీగా ఉంది." అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ మినిట్స్ అలా అర్ధాంతరంగా ముగియకూడదు. చేయి దానంతట అదే ఇంకో వాక్యం కలిపింది: "ఇందుకు సంతృప్తి వ్యక్తం చేయడమైనది." గ్లాసు బోర్లించి, గుండె దిటవు చేసుకుని వెళ్ళాడు.

సాయంత్రం తలుపు తట్టాడు. ఎవరూ తీయలేదు. మళ్ళీ తట్టాడు. వెనక మెట్ల మీద అడుగుల చప్పుడైంది. దర్జీ తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నాడు, అదే నవ్వుతో.

"అమ్మగారు ఇచ్చి వెళ్ళారండి. మీరు సంతోషిస్తారని చెప్పమన్నారు."

లోపల పక్క దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయి. ఆమె చీరలున్న అర ఖాళీ. ఫోన్ చేస్తే అది వంటింటి గట్టు మీదే మోగింది. బావమరిదికి చేస్తే, "అక్క నా దగ్గరికి రాలేదు బావా" అన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా! తన చేత్తో తనే భార్యను మాయం చేసుకున్నాడు. ఆమె లేని ఇంట్లో తాను బతకలేనని ఇన్నేళ్ళకు తెలిసింది, అదీ చెప్పడానికి ఆమె ఎదురుగా లేనప్పుడు.

పరుగున వెళ్ళి కలం అందుకున్నాడు. "తలుపు చప్పుడైంది. ఆమె తిరిగి వచ్చింది. ఇందుకు..." సంతృప్తి అన్న మాట చాలలేదు. కళ్ళలో నీళ్ళు కాగితం మీద పడ్డాయి.

తలుపు చప్పుడైంది.

గుమ్మంలో సంచి పట్టుకుని ఆమె నిలబడి ఉంది. "ఫోన్ మర్చిపోయాను. తీసుకుని వెళ్ళిపోతాను. మీరు సంతోషంగా ఉండండి."

"ఎక్కడికే వెళ్ళిపోయేది? సంతోషం ఎవడికే?" అంటూ గుమాస్తా బావురుమన్నాడు.

"మీరే రాశారుగా!" ఆమె సంచి కింద పడేసింది. "నాతో ఒక్క ముక్క మాట్లాడరు. పోనీ, మనసులో ఉన్నది కాగితం మీదైనా పెడుతున్నారు కదా అని సంబరపడ్డాను. తమ్ముడు రావాలన్నారు, బతిమాలి రప్పించాను. దర్జీ నవ్వాలన్నారు, జాకెట్లు నాలుగు కుట్టమని ఇచ్చి ఒప్పించాను. ఏమీ జరగకూడదన్నారు, గడియారంలో సెల్లు కూడా తీసేసి కూర్చున్నాను. చివరికి నేనే ఉండకూడదన్నారు."

"అవి కోరికలు కావే! రాత అలవాటు కావాలని రాశాను. మా ఆఫీసులో ముందే రాస్తాం."

"మీ ఆఫీసు తగలెయ్యా!" అందామె. అతను వెంటనే ఆమోదించాడు. కాసేపు ఇద్దరూ ఏడ్చి, నవ్వి, కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నేళ్ళలో అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది ఆ పూటే. డాక్టరు వింటే మందు తగ్గించేది.

ఉన్నట్టుండి అతనికి ఒక అనుమానం వచ్చింది. "అయితే వీధి దీపాలు కూడా నువ్వే ఆర్పించావా?"

"దీపాలేమిటి? అదెప్పుడు రాశారు? నేను చూడలేదే."

ఆమె చూపు మెల్లగా బల్ల మీదికి వెళ్ళింది. సగం రాసిన కాగితం మీద సిరా ఇంకా ఆరలేదు. ఆమె దగ్గరికి వెళ్ళి చదివింది, తలుపు వైపు చూసింది, మళ్ళీ చదివింది. తర్వాత అతని చేతిలోని కలం మెత్తగా లాక్కుని కొంగున ముడి వేసుకుంది.

మర్నాడు గుమాస్తా లేచేసరికి బల్ల మీద గ్లాసు బోర్లించి ఉంది. కింది కాగితం మీద ఆమె దస్తూరీ. "ఈ రోజు ఆయన తెల్లవారుజామునే లేచి, ఎవరూ చెప్పకుండానే ఇల్లు కడిగి, బట్టలు ఉతికి, వంట చేశారు. ఇందుకు సంతృప్తి వ్యక్తం చేయడమైనది."

జరిగిపోయినదాన్ని కాదనడం గుమాస్తా ఉద్యోగ ధర్మం కాదు గనక, అతను చీపురు ఎక్కడుందో అడిగాడు.